దేవుని పిలుపు, మన మారుమనస్సు: గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఉజ్జీవ సభల పందిరి విప్పేశాక, ఉపవాస కూడిక ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు, పక్కకి పిలిచి మెల్లగా అడిగే ప్రశ్నలివి. వాక్యం ఏం చెబుతుందో, ఆచరణలో ఎక్కడ చిక్కుపడుతుందో రాశాం.

దేవుడు పిలుస్తున్నాడంటారు. ఆ పిలుపు నాకొచ్చిందని ఎలా తెలుస్తుందండీ?

లూకా 14లో యేసు చెప్పిన గొప్ప విందు ఉపమానం మన పెళ్లిళ్లు ఎరిగినవారికి విడమరిచి చెప్పక్కర్లేదు. అందులో పిలుపు రెండుసార్లు వస్తుంది. ముందు కబురు అందింది, ఎవరూ కాదనలేదు. వంట సిద్ధమయ్యాక దాసుడు మళ్లీ వచ్చి రమ్మన్నాడు. మన దగ్గరా అంతే కదా. శుభలేఖ పది రోజుల ముందే ముడుతుంది, ఆ రోజు ఎవరో ఒకరొచ్చి "ఆకులేశారండీ, లేవండి" అంటారు. ఉపమానంలో ముగ్గురు శుభలేఖ పుచ్చుకుని, ఆకేశాక రానన్నారు. ఒకాయన పొలం కొన్నాడు. ఒకాయన అయిదు జతల ఎడ్లు కొన్నాడు. ఇంకొకాయనకి కొత్తగా పెళ్లయింది. మూడింట్లో ఏదీ పాపం కాదు. అందుకే ఆ సాకులు ప్రమాదకరం: దళ్వా (రెండో పంట) కోతలవనీ, చెరువు పట్టుబడి కానీ, అమ్మాయి పెళ్లవనీ అని మనం చెప్పేవన్నీ వాటి సంతతే.

క్రైస్తవ ఇంట పుట్టినవారికి శుభలేఖ ఎప్పుడో ముట్టింది. వాక్యం వింటున్నప్పుడు ఒక మనిషి పేరో, తీర్చని బాకీయో, దాచిన అలవాటో ఫలానా అని గుర్తొచ్చి గుచ్చుకుంటే రెండో పిలుపు వచ్చినట్టే. కలలో దర్శనం కోసం ఎదురుచూడక్కర్లేదు.

మొహమాటానికి పిలిచిన పిలుపేమో. నాలాంటివాణ్ణి నిజంగా రమ్మంటాడా?

గుమ్మం బయటనుంచే చెప్పి వెళ్లిపోయే పిలుపులు మనకు తెలుసు. వస్తే ఇబ్బంది, రాకపోతే హాయి. ఈ పిలుపు అలాంటిది కాదు. పేదల్నీ అంగహీనుల్నీ కుంటివారినీ గుడ్డివారినీ కూర్చోబెట్టాక కూడా బంతిలో చోటు మిగిలిందనీ, రోడ్ల మీదికీ కంచెల వెంబడికీ మనిషిని పంపి బలవంతంగా లోపలికి రప్పించమన్నాడనీ ఉంది. దేవుని దయే మనిషిని మారుమనస్సుకు నడిపిస్తుందని రోమా 2:4 అంటుంది. అంటే మనం మారితే ఆయన దయ చూపడం కాదు, ఆయన దయ చూపాడు కాబట్టే మనం మారగలుగుతున్నాం.

ఒక్క హెచ్చరిక. మత్తయి 22లో పెళ్లివస్త్రం లేకుండా కూర్చున్నవాణ్ణి బయటికి పంపేశారు. ఎలా ఉన్నవాడు అలా రావచ్చు. వచ్చాక అలాగే ఉంటానంటే కుదరదు.

పశ్చాత్తాపం, మారుమనస్సు ఒకటేనా?

పశ్చాత్తాపం అంటే చేశాక కలిగే తాపం. మారుమనస్సు దాన్ని దాటిపోతుంది. పాత నిబంధనలో దీనికి ఎక్కువగా వాడిన హీబ్రూ మాట 'షూవ్', తిరిగి రావడం. కొత్త నిబంధనలోని గ్రీకు మాట 'మెటనోయియా', మనసే మారడం.

తేడా చూడాలంటే యూదాని, పేతురుని పక్కపక్కన పెట్టండి. యూదా బాధపడ్డాడు, తప్పు ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలు తిరిగిచ్చేశాడు కూడా. మామూలుగా మనం చేసేదానికంటే ఎక్కువే చేశాడు. కానీ యేసు దగ్గరికి రాలేదు. మత్తయి 27:3లో అతని బాధకు వాడిన గ్రీకు క్రియ కూడా వేరే. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, తోటి శిష్యుల్ని వదిలి పోలేదు, యోహాను 21లో సరస్సు ఒడ్డున ఉన్న ప్రభువు కోసం నీళ్లలోకి దూకాడు. సౌలు రాజుది మూడో రకం. 1 సమూయేలు 15:30లో పాపం చేశానంటూనే, పెద్దల ముందు నా పరువు మాత్రం నిలబెట్టమన్నాడు. ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ మూడో రకమే.

సభలో చెయ్యెత్తాను, నిర్ణయం కార్డు నింపాను. అయిపోయినట్టేనా?

"వస్తాను" అన్నారు, అంతే. మత్తయి 21లో తండ్రి తోటలోకి వెళ్లమంటే ఒక కొడుకు సరేనని వెళ్లలేదు, ఒకడు వెళ్లనని తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. చెప్పినవాడి పక్షాన కాదు, వెళ్లినవాడి పక్షాన మాట్లాడాడు యేసు. ఇక్కడ జరిగే పొరపాటు చిన్నదే: కార్డులు బయటినుంచి వచ్చిన బృందం సంచిలో వెళ్లిపోతాయి, మిమ్మల్ని అడిగేవారుండరు. వచ్చే ఆదివారంలోగా మీ సంఘంలో నోరు జారని ఒక పెద్దకి మీరే చెప్పండి.

ఈ రాత్రే మొదలుపెట్టాలంటే ఏం చెయ్యాలి?

ఒక గంట, ఒక కాగితం, ఒక పెన్ను చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. 51వ కీర్తన రెండుసార్లు మెల్లగా చదవండి. పూర్వపు సంఘం పశ్చాత్తాప కీర్తనలని ఏడింటిని వేరుచేసింది: 6, 32, 38, 51, 102, 130, 143. రోజుకొకటి చొప్పున వారమంతా సాగుతాయి.

తర్వాత పది ఆజ్ఞలు ఒక్కొక్కటి దగ్గర ఆగి రాయండి. "నేను పాపిని" అని రాస్తే ఏమీ రాయనట్టే, దానికి ఎవరికీ సిగ్గు వెయ్యదు. ఎవరికి, ఏమిటి, ఎంత అన్నది రాయాలి. "ఫలానా ఆయనకి ధాన్యం తూకంలో బస్తాకి మూడు కిలోలు కొట్టాను" అన్నది ఒప్పుకోలు. రాస్తుండగా "వాడు మాత్రం తక్కువా" అన్న మాట దొర్లితే ఆ వాక్యం కొట్టేయండి. అది వాడి కాగితంలోది.

రాసినదాన్ని గొంతు విప్పి దేవునితో చెప్పండి. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, క్షమిస్తాడు అన్న 1 యోహాను 1:9 చదివి, అక్కడితో నమ్మండి. మనుషులకి చెల్లించాల్సినవి మాత్రం వేరే చీటీ మీదికి ఎక్కించుకుని మొదటి కాగితం కాల్చేయండి. ఇతరుల గుట్టు ఉన్న కాగితం బైబిలులో పెట్టి మర్చిపోతే కొత్త గొడవ మొదలవుతుంది. మర్నాడు పొద్దుగూకేలోగా చీటీలోంచి ఒక్కటి, అన్నిట్లోకీ చిన్నది, చేసెయ్యండి. నలభై రాసుకుని ఒక్కటీ చెయ్యకపోవడమే ఎక్కువమంది జారిపడే చోటు.

ఎవరి దగ్గర ఒప్పుకోవాలి? దేవుని దగ్గర చాలదా?

డెల్టాలో ఒక్కో సంఘానికి ఒక్కో అలవాటు. 1836లో ఆంగ్లేయ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నర్సాపురం కేంద్రంగా పనిచేసి నాటిన బ్రదరన్ సంఘాల్లో, ప్రతి ఆదివారం రొట్టె విరిచే ముందు ఎవరికి వారు పరీక్షించుకోవడం మీద (1 కొరింథీ 11:28) బరువు ఉంటుంది. లూథరన్, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధనల్లో అందరూ కలిసి ఒప్పుకోలు చెబుతారు, గురువు క్షమాపణ ప్రకటిస్తారు. కతోలికులు ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేస్తారు. ఘోరమైన పాపాలను ఏడాదికి ఒక్కసారైనా అలా చెప్పుకోవాలని వారి సంఘ చట్టం, విన్నది గురువు ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదని కూడా అదే చట్టం. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషను సంఘాల్లో పెద్దల ఎదుట విశ్వాస సాక్ష్యం చెప్పాకే బాప్తిస్మం.

అందరికీ పనికొచ్చే కొలత ఒకటుంది: పాపం ఎంత దూరం పాకిందో ఒప్పుకోలూ అంత దూరమే వెళ్లాలి. మనసులో మాత్రమే జరిగినది దేవునితో. ఒక మనిషికి చేసినది దేవునితోనూ ఆ మనిషితోనూ. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్లమన్న మాట (మత్తయి 5:23-24) గుర్తుంది కదా. సంఘమంతటి ఎదుట చేసిన రచ్చ అయితే సంఘం ఎదుటే. మీ మనసులో ఒకరి మీద అసూయ ఉంటే ఆ సంగతి వాళ్లకి తెలియనప్పుడు వెళ్లి చెప్పకండి. మీ బరువు వాళ్ల నెత్తిన పెట్టినట్టవుతుంది.

తిరిగి ఇవ్వాల్సిందేనా? యేసు అన్నీ క్షమించాడు కదా?

యేసు క్షమించాడు. బస్తా పోగొట్టుకున్న రైతుకి బస్తా ఇంకా రాలేదు. ఈ రెండూ వేరు వేరు ఖాతాలు, ఒకదాని జమ ఇంకోదాంట్లో పడదు.

లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం మోసంతో పుచ్చుకున్నది అసలు మొత్తం ఇచ్చి, అయిదో వంతు కలపాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అయిదో వంతు లెక్క నేటి క్రైస్తవుని మీద చట్టం కాదు. కానీ అసలు మాత్రమే ఇస్తే, ఇన్నేళ్లు ఆ డబ్బు లేక అవతలివాళ్లు పడిన ఇబ్బందికి విలువ కట్టనట్టు అవుతుంది కాబట్టి దాన్ని కనీసంగా పెట్టుకోమంటాం.

లెక్క ఇలా వెయ్యండి. నలభై బస్తాల మీద బస్తాకి మూడు కిలోలు అన్యాయంగా తరుగు తీశారనుకుందాం. మొత్తం 120 కిలోలు. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,300 రూపాయలు ఉండేది. ఆ లెక్కన అసలు 2,760, అయిదో వంతు 552, కలిపి 3,312. మోసం పదేళ్ల నాటిదైతే అప్పటి ధర కాదు, ఇప్పటి ధర వెయ్యండి. ఆయన పోగొట్టుకున్నది ధాన్యం, దాన్ని ఇవాళ కొనాలంటే ఇవాళ్టి ధరే కదా.

ఇచ్చేటప్పుడు "ఉంచండి" అని చేతిలో పెట్టి రాకండి. దేనికో చెప్పాలి. చెప్పకుండా ఇస్తే అది దానం అవుతుంది, మీరు దాత అయిపోతారు. ఒకేసారి ఇవ్వలేకపోతే ఎన్ని వాయిదాల్లో ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. ఆ డబ్బు హుండీలో వేసి తృప్తిపడటం మరో తప్పుదారి. మనిషికి ఇవ్వాల్సింది చర్చికి ఇస్తే చెల్లదు, పాస్టరుగారు సంతోషించినా సరే.

గట్టు జరుపుకున్నాం. రొయ్యల చెరువు ఉప్పునీరు పక్క పొలంలోకి వెళ్లింది. ఇలాంటివి ఎలా సరిచెయ్యాలి?

ఏటా దమ్ము చేసేటప్పుడు గట్టు కాస్త కాస్త చెక్కడం డెల్టాలో పాత జబ్బు. 200 అడుగుల పొడవున అడుగు వెడల్పు కలుపుకుంటే 200 చదరపు అడుగులు. సెంటుకి 435.6 చదరపు అడుగులు కాబట్టి అది అర సెంటు కూడా కాదు. అయినా ద్వితీయోపదేశకాండం 19:14 పొరుగువాడి సరిహద్దు రాయి జరపొద్దంటుంది, ఎంతలోపు అయితే పర్వాలేదో చెప్పదు. ఎఫ్ లైన్ దరఖాస్తు (పొలం హద్దులు కొలిపించేది) మీరే పెట్టి, రుసుము మీరే కట్టి, సర్వేయరు చూపిన చోట రాయి మీరే పాతించండి. అవతలాయన్ని పక్కన నిలబెట్టుకోండి.

ఉప్పునీటి విషయం ఒక పంట నష్టంతో తేలదు. చెరువులోంచి ఊరిన ఉప్పు నేలలో పేరుకుంటుంది. మట్టి పరీక్షలో విద్యుత్ వాహకత, అందరూ ఈసీ అనేది, మీటరుకి 4 డెసీసీమెన్స్ దాటితే అది ఉప్పు నేల కిందే లెక్క. వరి దిగుబడి దానికంటే ముందునుంచే తగ్గుతుంది. కాబట్టి ముందు ఊట ఆపాలి: చెరువుకీ పొలానికీ మధ్య ఖాళీ వదిలి ఊటకాలువ తవ్వించాలి, చెరువు నీరు పంటకాలువలోకి వదలడం మానాలి. ఆ తర్వాత మంచినీరు పెట్టి నేల కడిగే ఖర్చు, ఈసీ దిగేవరకు పోయిన దిగుబడి లెక్కకట్టాలి. క్షమాపణ చెప్పి చెరువు గట్టు అలాగే ఉంచితే, ఊట వచ్చిన ప్రతిసారీ మళ్లీ చెప్పుకోవాలి.

నష్టపోయినాయన చనిపోయారు. ఎవరికివ్వాలి?

సంఖ్యాకాండం 5:8 ప్రకారం దగ్గర బంధువుకి. ఎవరూ లేకపోతే అప్పుడు దేవుని సేవకి. చర్చికి చెల్లేది ఈ చివరి సందర్భంలోనే.

తాగుడు వదిలేస్తానని ప్రమాణం చేశాను. ఇవాళ్టినుంచే పూర్తిగా ఆపెయ్యనా?

తీర్మానం ఇవాళే, ఆపడం మాత్రం డాక్టరు చెప్పినట్టు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళాన ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి ఒళ్లు వణకడం, చెమటలు పట్టడం, లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని చూసి దయ్యం పట్టిందని ప్రార్థన గదిలో కట్టేసే పొరపాటు జరుగుతూనే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన మంచం పక్కన చెయ్యొచ్చు. మత్తుపదార్థాల విముక్తికి దేశవ్యాప్త ఉచిత నంబరు 14446.

ప్రతి సంక్రాంతికీ కోడి పందేల దగ్గర పడిపోతున్నాను. నాది నకిలీ మారుమనస్సా?

పడటం వేరు, పడేచోటికి నడిచి వెళ్లడం వేరు. భోగి, సంక్రాంతి, కనుమ. మూడు రోజులు, తేదీలు ముందే తెలుసు. డిసెంబరులో ఏర్పాటు చెయ్యకుండా జనవరిలో ఏడిస్తే ఏం లాభం? ఆ మూడు రోజులూ ఊళ్లో ఉండకండి. డబ్బు ఇంట్లో ఆడవాళ్ల చేతికివ్వండి, ఫోన్ చెల్లింపుల పరిమితి తగ్గించండి. బరి దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్లే స్నేహితుడికి ముందే చెప్పండి. "చూట్టానికే" అన్న మాట అబద్ధమని మీకూ తెలుసు. బరి పక్కనే గుండాట జూదం ఉంటుంది.

పందెం కాయను గానీ తోట బరికి అద్దెకిస్తానన్నవారి సంగతీ ఇదే. కోడి పందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం, జూదం 1974 నాటి రాష్ట్ర చట్టం కింద నేరం. అద్దె పుచ్చుకున్న చెయ్యి కూడా అందులోదే.

మత్తయి 12లో దయ్యం వెళ్లాక ఊడ్చి పెట్టిన ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టే ఏడు దయ్యాలు వచ్చాయి. ఆ మూడు రోజులకి వేరే పని పెట్టుకోండి.

కులం, కట్నం కూడా మారుమనస్సు కిందికి వస్తాయా?

వస్తాయి. పాపాల జాబితాల్లో సినిమా, సిగరెట్టు ఉండి ఇవి లేకపోవడం మన సంఘాల పెద్ద లోపం. గలతీ 2లో పౌలు పేతుర్ని ముఖాముఖి నిలదీసింది దేని గురించి? భోజనం బంతి గురించి. అన్యజనులతో కూర్చుని తింటున్న పేతురు, కొందరు రాగానే లేచి వేరుగా కూర్చున్నాడు. సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని పౌలు అన్నది ఆ పనినే. "రక్షింపబడిన వధువు కావలెను" అని రాసి కింద కులం పేరు రాసేవారు ఆ అధ్యాయం మళ్లీ చదవాలి. సంఘం విందులో ఎవరు వడ్డిస్తున్నారో, ఎవరు ముందు కూర్చుంటున్నారో ఒకసారి చూడండి, ప్రసంగం అక్కర్లేదు.

కట్నం ఇప్పటికే పుచ్చుకున్నవారు చెయ్యగలిగింది ఉంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలోని 6వ సెక్షను ప్రకారం అలా తీసుకున్నది భార్యకి చెందాలి. ఆ డబ్బుతో పొలం కొంటే ఆమె పేర రిజిస్ట్రేషన్ చేయించండి. ఖర్చయిపోతే అంత మొత్తం ఆమె ఖాతాలో వాయిదాల్లో వెయ్యండి.

శ్రమల దినాల్లో ఉపవాసం ఉంటే సరిపోతుందా?

బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు; ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఉపవాసం మంచిదే, కానీ యెషయా 58 తిట్టింది ఉపవాసం ఉంటూ పనివాళ్లని పీడించేవారినే. ఈ 40 రోజుల్లో ఎగ్గొట్టిన కూలి లెక్కలు తీయండి. దళ్వా డబ్బు చేతికొచ్చేది ఇంచుమించు ఈస్టరు దరిదాపుల్లోనే. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారు డాక్టరుని అడక్కుండా పూర్తి ఉపవాసం చెయ్యొద్దు.

నాకు కన్నీళ్లు రావడం లేదు.

పర్వాలేదు. జక్కయ్య ఏడ్చినట్టు లేదు, లెక్క చెప్పాడు.

అన్నీ చేశాను, అయినా దోషిననే భావన వదలట్లేదు.

ఇంకా సరిచెయ్యనిది ఒకటి ఫలానా అని కనిపిస్తే అది చెయ్యండి. ఏదీ కనిపించకుండా, చెప్పిన పాపమే రోజూ పదిసార్లు చెప్పాలనిపిస్తే, చేతులు కడుక్కున్నట్టు ప్రార్థన మళ్లీ మళ్లీ చెయ్యకపోతే గుండె దడ వస్తే, అది మనస్సాక్షి పని కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. వైద్యం ఉంది. బతకాలని లేదన్నంత వస్తే ఆలస్యం చెయ్యకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నన్ను హింసించినవాడు మారుమనస్సు పొందాడట. క్షమించి మళ్లీ కలవమంటున్నారు.

క్షమించడం మీ పని, అది మీ మనసు కోలుకునే వేళకి జరుగుతుంది. మళ్లీ నమ్మడం అతను సంపాదించుకోవాలి, దానికి నెలలు, ఏళ్లు పట్టవచ్చు. నిజంగా మారినవాడు మిమ్మల్ని తొందరపెట్టడు, శిక్ష తప్పించమని అడగడు. పెద్దలకి ఒక మాట: పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసి పోలీసులకి చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరమే. ఒప్పుకున్నాడు కదాని సంఘంలో సర్దెయ్యడానికి వీల్లేదు. పిల్లలకి 1098, స్త్రీలకి 181.

సాక్ష్యం చెప్పమంటున్నారు. ఎంతవరకు చెప్పాలి?

అయిదు నిమిషాలు. ఇతరుల పేర్లు వద్దు, పాపం వర్ణన వద్దు. బాకీలు తీరాకే చెప్పండి. అప్పిచ్చినాయన మూడో వరసలో కూర్చుని వింటుంటాడు.

వేసవిలో కాలువ కట్టేస్తారు. బాప్తిస్మానికి అప్పటిదాకా ఆగాలా?

దళ్వా అయ్యాక మరమ్మతులకని కాలువలకి నీళ్లు ఆపేస్తారు, మళ్లీ వదిలేది సార్వా (మొదటి పంట) నారుమళ్ల వేళకి. ఆ మధ్యలో చాలా సంఘాలు చర్చి తొట్టిలో ఇస్తాయి. నడుము లోతు నీరుంటే చాలు. గోదావరిలో ఇస్తే ఇసుక తవ్విన గుంతలుంటాయి, ఈతగాడు ముందు దిగి చూడాలి. చంటిపిల్లలుగా బాప్తిస్మం పొందినవారు మళ్లీ పొందాలా అన్నది సంఘాల మధ్య తేడా, మీ గురువుగారితో మాట్లాడండి. ఏదైనా సరే, గట్టు సరిచెయ్యడానికి బాప్తిస్మం తేదీదాకా ఆగక్కర్లేదు. కాలువలో నీళ్లు లేని ఆ నెలల్లోనే గట్టు పని తేలిక.